వయసుకు తగ్గ మైలేజీ

మా ఆఫీసు కారుకి ఇరవయ్యేడేళ్ళు నిండిన వారంలోనే దాని మీద సర్క్యులర్ వచ్చింది. కవరు విప్పింది నేనే. గెడ్డపాలెంలో ఉన్న చిన్న చెరువుల పరిరక్షణ ఉపకార్యాలయంలో వచ్చిన కవర్లు విప్పడం, వెళ్ళే కవర్లు అంటించడం నా పని. ఉద్యోగం పేరు సీనియర్ అసిస్టెంటు. నా పేరు సత్యవేణి.

మా పరిధిలో నలభై మూడు చెరువులు ఉన్నాయి. వాటి గట్లు, తూములు చూసి రావడానికి మాకున్నది ఒక్కటే కారు. రికార్డుల్లో దాని రంగు తెలుపు. నడిపేది గౌరీశం. కారు కొన్న రోజే అతన్నీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. ఇద్దరి సర్వీసూ ఒకటే తారీఖున మొదలైంది. ఇంకో రెండేళ్ళలో అతను రిటైరవుతాడు. కారు సంగతి ఎవరూ ఆలోచించలేదు, ఆ సర్క్యులర్ వచ్చేదాకా.

సర్క్యులర్‌లో ఇలా ఉంది:

"పదిహేనేండ్లు పైబడిన శాఖాపర వాహనములు ఇంధనమును అమితముగా సేవించుచున్నట్లు గమనింపబడినది. సర్వీసు పెరుగుకొలది అనుభవము, అనుభవము పెరుగుకొలది సామర్థ్యము పెరుగునన్నది ఉద్యోగుల విషయమున సర్వవిదితము. ఇదే సూత్రమును వాహనములకును వర్తింపజేయడమైనది. కావున ప్రతి వాహనము తన సర్వీసు ఎన్ని సంవత్సరములో, లీటరు పెట్రోలునకు అన్ని కిలోమీటర్లు విధిగా ఇవ్వవలెను. డిసెంబరు నెలాఖరులోగా ఇవ్వజాలని వాహనములు నిరుపయోగమని ప్రకటింపబడును. సదరు వాహన చోదకులు జిల్లా గిడ్డంగి కాపలా విధులకు బదిలీ చేయబడుదురు."

గిడ్డంగి ఉన్నది నూట ఇరవై కిలోమీటర్ల అవతల. గౌరీశం భార్యకి మోకాళ్ళ నొప్పులు. వారానికి రెండుసార్లు ఆవిడని ఆస్పత్రికి తీసుకెళ్ళేది అతనే. నేను సర్క్యులర్ చదువుతుంటే అతను నిలబడి విన్నాడు. బయటికెళ్ళి కారు బానెట్ ఎత్తి, కాసేపు లోపలికి చూసి, మళ్ళీ వచ్చాడు.

"ఇప్పుడు ఆరు ఇస్తంది మేడమ్," అన్నాడు. "కొత్తలో కూడా పదకొండు దాటి ఇవ్వలేదు. ఇరవయ్యేడు ఎక్కడినుంచి తెస్తాది?"

"ఆరు ఎందుకైంది?"

"గాలి ఫిల్టరు మూసుకుపోనాది. ముక్కు మూసుకుని అన్నం తిన్నట్టు తింటంది. ప్లగ్గులు నాలుగూ అరిగిపోనాయి. వెనక కుడి చక్రం బ్రేకు పట్టేసుంది, చొక్కా పట్టుకుని ఎవరో వెనక్కి లాగుతున్నట్టే. పెట్రోలు గొట్టం కార్బురేటర్ దగ్గర చెమరుస్తంది. ఈ నాలుగూ చేయిస్తే పదో పదకొండో వస్తాది. పూట పని."

ఈ నాలుగూ ఒక కాగితం మీద రాయించుకుని మా ఉపసంచాలకులు ఏకాంబరం గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మంచి మనిషి. నియమావళిని కాదని జీవితంలో ఒక్క పని చెయ్యలేదు. కాగితం చదివి, కళ్ళజోడు తీసి, విచారంగా నా వైపు చూశారు.

"సత్యవేణి గారూ, పదిహేనేళ్ళు దాటిన వాహనానికి మరమ్మతు నిషిద్ధం. వృథా వ్యయం కింద వస్తుంది. మీకు తెలియనిది కాదు."

"మరి ఇరవయ్యేడు ఇవ్వాలంటున్నారు కదండీ."

"ఇవ్వాలి. దానికి మెరుగుదల చెయ్యవచ్చు. మరమ్మతు చెయ్యరాదు. చెడిపోయినదాన్ని బాగుచేస్తే మరమ్మతు. చెడిపోనిదాన్ని మారిస్తే మెరుగుదల. మన కారులో చెడిపోని భాగాలేమిటో జాబితా రాయండి. అక్కడినుంచి మొదలుపెడదాం."

జాబితా చిన్నదే అయింది. దాని మీద ఇంధన మెరుగుదల సంఘం ఏర్పడింది. ఏకాంబరం గారు అధ్యక్షులు, నేను కార్యదర్శిని. గౌరీశాన్ని సంఘంలో వేసుకోలేదు, అతను ఈ విషయంలో ఆసక్తి గల వ్యక్తి కాబట్టి.

మొదటి సమావేశంలో బరువు తగ్గించాలని తీర్మానమైంది. బరువు తగ్గితే పెట్రోలు తగ్గుతుందన్నది నిజమే, గౌరీశం కూడా ఒప్పుకున్నాడు. డిక్కీలో పాత గొలుసులు, తుప్పు పట్టిన జాకీ రెండోది, ఎవరిదో తెలియని గునపం ఉన్నాయి. వాటిని తీసేశాడు. సంఘం అక్కడితో ఆగలేదు. మర్నాడు స్టెప్నీ తీశారు. ఆ తర్వాత వెనక సీటు, వెనక తలుపుల లోపలి రేకులు, పైన లైటు, పక్క అద్దం ఒకటి తీశారు. హారన్ కూడా తీద్దామన్నారు కానీ, అది తేలికైన వస్తువని గౌరీశం చేతిలో పెట్టి చూపిస్తే వదిలేశారు. చివరగా అరవై కిలోలు దాటిన అధికారులు కారులో ప్రయాణించరాదని ఆఫీసు ఉత్తర్వు వెలువడింది. ఏకాంబరం గారు ఎనభై రెండు కిలోలు. ఆనాటి నుంచి ఆయన తనిఖీకి బస్సులో వెళ్ళి, కారు వచ్చేదాకా చెరువు గట్టు మీద ఎదురుచూసేవారు.

కారు ఏడు ఇచ్చింది.

"ఒకటి పెరిగింది," అన్నారు ఏకాంబరం గారు. "ఇంకా ఇరవయ్యే కావాలి."

ఆగస్టులో శిక్షణ మొదలైంది. పొదుపుగా నడపడం మీద మూడు రోజుల తరగతులకి గౌరీశాన్ని ముఖ్య కార్యాలయానికి పంపించాం. శిక్షణ 'వాహనమునకు, చోదకునకు' అని ఉత్తర్వులో ఉండడంతో కారు కూడా హాజరైంది. పొద్దున్న, సాయంత్రం దాని పేరు పిలిచి, గౌరీశం చేత హారన్ కొట్టించి హాజరు వేసుకున్నారట. అతను తిరిగొచ్చాక ఏం నేర్పారని అడిగాను.

"మంచిమాటలే చెప్పేరు మేడమ్. టైర్లలో గాలి సరిగ్గా ఉంచమన్నారు. ఆగినచోట ఇంజను ఆపమన్నారు. ఒక్కసారి తొక్కీకుండా నెమ్మదిగా తొక్కమన్నారు. ఇవన్నీ నాకు తెలుసు. బ్రేకు పట్టేస్తే ఏం చెయ్యాలని అడిగేను. అది సిలబస్‌లో లేదన్నారు."

"వచ్చేటప్పుడు ఎంతిచ్చింది?"

"గాలి కొట్టించేను కదా, ఏడున్నర."

అప్పుడు ఏకాంబరం గారికి మ్యాపు మీద దృష్టి పడింది. మా ఊరు కొండల అంచున, కాస్త ఎత్తులో ఉంటుంది. చెరువుల్లో ముప్ఫై ఒకటి మా కంటే దిగువన ఉన్నాయి. పన్నెండు ఎగువన, కొండ మలుపుల మీద ఉన్నాయి. ఆయన ఎర్ర పెన్సిల్‌తో ఎగువ పన్నెండిటికీ సున్నాలు చుట్టారు.

"ఇవే మన మైలేజీని తినేస్తున్నాయి. ఇకమీదట దిగువ తనిఖీలు మాత్రమే."

"ఎగువ చెరువులు సార్?" అన్నాడు గౌరీశం.

"వాటి విషయం జనవరిలో పరిశీలిద్దాం."

దిగువకి వెళ్తే పదిహేనున్నర దాకా వచ్చింది. కానీ వెళ్ళిన బండి తిరిగి ఎత్తు ఎక్కి రావాలి. ఎక్కేటప్పుడు వచ్చిందంతా పోయేది. సంఘం దీని మీద మూడుసార్లు కూర్చుంది. మూడోసారి ఏకాంబరం గారే పరిష్కారం కనిపెట్టారు. సర్క్యులర్‌లో లీటరుకి ఇన్ని కిలోమీటర్లు అని ఉంది కానీ, ఆ కిలోమీటర్లు దేనితో నడవాలో లేదు. చక్రం తిరిగితే మీటరు తిరుగుతుంది. కాబట్టి కారు పెట్రోలుతో కిందికి దిగి, ఎడ్లతో పైకి రావచ్చు.

మర్నాటి నుంచి అదే పద్ధతి. దిగువ చెరువు దగ్గర ఒక జత ఎడ్లు సిద్ధంగా ఉండేవి. ముందు బంపరుకి మోకు కట్టేవారు. గౌరీశం గేరు న్యూట్రల్‌లో పెట్టి స్టీరింగు పట్టుకుని కూర్చునేవాడు. ఎడ్లు లాగుతుంటే మీటరు టిక్కుటిక్కుమంటూ తిరిగేది. దారిలో బడిపిల్లలు నవ్వేవారు. అతను అద్దం ఎత్తేసుకునేవాడు, ఎండ ఎంత మండుతున్నా.

ఒకరోజు ఆఫీసుకొచ్చి నా బల్ల పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగాడు.

"కష్టంగా ఉందా?" అన్నాను.

"ఎడ్లకి కష్టంగా ఉంది మేడమ్. పట్టేసిన బ్రేకుతో లాగుతున్నాయి పాపం. ఆ బ్రేకు వదులు చేస్తానంటే, ఎడ్లకి ఇబ్బందని ఎక్కడా రాసిలేదు, ముట్టుకోవద్దన్నారు సార్."

గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ అన్నాడు. "ఇరవయ్యేడేళ్ళు ఆ బండి నన్ను ఎక్కడా ఆపలేదు. ఇప్పుడు దాన్ని నేనే పశువులు కట్టి లాగిస్తన్నాను."

సెప్టెంబరు నెల మైలేజీ ముప్ఫై ఒకటి తేలింది. నేనే లెక్క చూసి పంపాను. వయసు ఇరవయ్యేడు, ఇచ్చినది ముప్ఫై ఒకటి.

పది రోజుల్లో ముఖ్య కార్యాలయం నుంచి డాక్టర్ సువర్చల గారు దిగారు. ఇంధన మితవ్యయ విభాగానికి ఆవిడ ప్రత్యేకాధికారి. ఆ సర్క్యులర్ రాసింది ఆవిడే. కారు చుట్టూ ఒకసారి తిరిగారు. లేని వెనక సీటునీ, లేని స్టెప్నీనీ చూశారు. బంపరుకి మోకు ఒరుసుకున్న గీతలు కూడా చూశారు. ఏకాంబరం గారు దాచుకోకుండా మొత్తం పద్ధతి వివరించారు. ఆవిడ నోటు పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు. మా పని అయిపోయిందనుకున్నాను.

"దీనిని మిశ్రమ చోదక విధానమనవచ్చు," అన్నారు ఆవిడ చివరికి. "అభివృద్ధి చెందిన దేశాలు ఇప్పుడిప్పుడే ఈ దిశగా అడుగులు వేస్తున్నాయి. మీ వాహనము తన సర్వీసును మించి నాలుగు సంవత్సరముల పరిణతి ప్రదర్శించినది. ఈ అనుభవము ఒక్క కార్యాలయమునకే పరిమితము కారాదు."

అనుభవం పరిమితం కాకుండా ఉండడానికి, రాష్ట్రంలో మిగతా ఉపకార్యాలయాల పాత కార్లని మా కారు దగ్గరికి శిక్షణకి పంపమని ఉత్తర్వు వెలువడింది. అక్టోబరు మూడో వారానికల్లా పధ్నాలుగు కార్లు మా ఆవరణలోకి వచ్చాయి. మైలేజీ చెడకూడదని అన్నిటినీ లారీల మీద తెచ్చారు. షామియానా వేసి, మా కారుని వేదిక మీద నిలబెట్టి, మిగతావాటిని వరసగా దాని ఎదురుగా నిలబెట్టారు. గౌరీశానికి ప్రధాన శిక్షకుడు అని బ్యాడ్జి ఇచ్చారు. డిసెంబరులో ఇచ్చే 'ఇంధన శ్రేష్ఠ' పురస్కారానికి మా కారు పేరు ఒక్కటే పరిశీలనలో ఉందని కూడా తెలిసింది.

కార్లతో పాటు పధ్నాలుగు మంది డ్రైవర్లు వచ్చారు. అందరూ యాభై దాటినవాళ్ళే. పొద్దున తరగతి, మధ్యాహ్నం తరగతి. గౌరీశం వేదిక మీద నిలబడి ఏం చెప్పాలో తెలియక మొదటి రోజు కూర్చుండిపోయాడు. రెండో రోజు నుంచి తనకి తెలిసింది చెప్పడం మొదలుపెట్టాడు. బండి పొగ నల్లగా వస్తే ఏమిటి, నీలంగా వస్తే ఏమిటి, టాంకు అంచుదాకా నింపి, నడిపి, మళ్ళీ నింపి అసలు మైలేజీ తెలుసుకోవడం ఎలా, ఎదర ఆగాలని తెలిస్తే ముందే కాలు తియ్యడం ఎలా. వినేవాళ్ళందరికీ అవి తెలిసిన విషయాలే. అయినా ఒకరి తర్వాత ఒకరు లేచి తమ బండి గురించి చెప్పుకునేవారు. శాఖ పుట్టిన తర్వాత డ్రైవర్లని ఎవరో అడగడం, వాళ్ళు చెప్పడం అదే మొదటిసారి అనుకుంటాను.

అక్టోబరు చివర్లో తుపాను పట్టింది. మూడు రోజులు వాన ఆగలేదు. నాలుగోరోజు పదకొండు గంటలకి తామరవలస నుంచి దాలమ్మ వచ్చింది. ఆవిడ ఎగువ గెడ్డ చెరువు నీటి సంఘం అధ్యక్షురాలు. ఇరవై రెండు కిలోమీటర్లు దారిన పోయే లారీ ఎక్కి వచ్చింది. చీర మోకాళ్ళ దాకా బురద.

"అమ్మా, తూము పక్క గట్టు ఊటేస్తంది," అంది నాతో. "నిన్న సన్నగా ఉంది, ఇయాళ బిందె వెడల్పు అయింది. ఆగస్టు నుంచి మీవోళ్ళు ఒక్కరూ ఎక్కలేదు. ఇసుక బస్తాలు మీ కొట్లో ఉన్నాయి కదా, పంపండి. కట్ట కింద మూడొందల గడపలు."

ఆవిడని ఏకాంబరం గారి గదిలోకి తీసుకెళ్ళాను. సువర్చల గారు కూడా అక్కడే ఉన్నారు, తరగతులు పరిశీలించడానికి వచ్చి.

"లారీ పంపుదామండీ," అన్నాను.

"మనకి లారీ లేదు, ఆ లారీలన్నీ కార్లని తేవడానికి ముఖ్య కార్యాలయం మాట్లాడినవి. అన్నీ వెళ్ళిపోయాయి," అన్నారు ఏకాంబరం గారు. ఆయన ముఖం పాలిపోయింది. "బయటి కార్లని మనం నడపరాదు. మన కారు పంపాలంటే ఎగువ ప్రయాణం. అదీ బరువుతో. ఈ నెల సగటు ఏమవుతుందో ఊహించండి."

దాలమ్మ ఆయన వైపు చూసింది. "ఏటవుతాది బాబూ?"

"తొమ్మిదికి పడిపోవచ్చమ్మా."

"కట్ట తెగితే?"

దానికి జవాబు సువర్చల గారు ఇచ్చారు. "తెగిన యెడల జలము సహజముగా దిగువకే వచ్చును. దిగువ తనిఖీలకు ఆంక్ష లేదు గనుక, అప్పుడు వాహనమును నిస్సంకోచముగా పంపవచ్చును."

ఆవిడ వ్యంగ్యంగా అనలేదు. ఓదార్పుగానే అన్నారు. దాలమ్మ గది బయటికి వచ్చేసింది. నేనూ వచ్చాను. వరండాలో వాన చూస్తూ నిలబడింది. "అయితే నేను పోతానమ్మా, పిల్లల్నయినా గట్టు కిందనుంచి లేపాలి," అంది.

నాకు ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఒక్కసారి కూడా నా అంతట నేను ఉత్తర్వు రాయలేదు. శిక్షణ సిలబస్ తీసి చూశాను. ఏడో అంశం: 'ప్రాయోగిక పాఠము, ప్రధాన శిక్షకుని విచక్షణ మేరకు'. బల్ల దగ్గర కూర్చుని టైపు చేశాను. "ఎత్తైన ప్రదేశములందు బరువుతో కూడిన ఇంధన వినియోగముపై ప్రాయోగిక పాఠము. స్థలము: ఎగువ గెడ్డ చెరువు. బోధనోపకరణములు: ఇసుక బస్తాలు." కింద ఏకాంబరం గారి తరపున అని రాసి, నా సంతకం పెట్టాను.

షామియానా కిందికి తీసుకెళ్ళి గౌరీశానికి ఇచ్చాను. అతను చదివాడు. తలెత్తి దాలమ్మని చూశాడు.

"ఎంత వెడల్పు అక్కా?"

"బిందె అంత."

"ఈ బ్రేకుతో, ఈ ప్లగ్గులతో బస్తాలేసుకుని కొండ ఘాటీ ఎక్కదు మేడమ్," అన్నాడు నాతో. తర్వాత ఎదురుగా కూర్చున్న డ్రైవర్ల వైపు తిరిగాడు. "అన్నలూ, ఒక గంట సాయం కావాలి."

వాళ్ళు అప్పటికే లేచి నిలబడ్డారు. మరమ్మతు నిషిద్ధం కాబట్టి నేను దానికి 'విడిభాగముల పరస్పర పరిచయము' అని పేరు రాసుకున్నాను. ఒకరి కారులోంచి శుభ్రంగా ఉన్న గాలి ఫిల్టరు వచ్చింది. ఇంకొకరు కొత్త ప్లగ్గులు నాలుగు సంచిలోంచి తీశారు, సొంత డబ్బుతో కొనుక్కుని ఆరునెలలుగా దాచుకున్నవి. కళింగపట్నం వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకడు వానలోనే కారు కింద పడుకుని, వెనక చక్రం విప్పి బ్రేకు వదులు చేశాడు. చెమరుస్తున్న గొట్టం కోసి పారేసి మరొకటి తొడిగారు. ఎవరో తమ కారు స్టెప్నీ తెచ్చి డిక్కీలో పెట్టారు. గంట పట్టలేదు. టాంకు అంచుదాకా నింపారు. గౌరీశం తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. అతను చెవి అటు పెట్టి విన్నాడు.

"దగ్గు పోయింది," అన్నాడు మెల్లగా.

వెనక సీటు లేకపోవడం ఆనాడు కలిసొచ్చింది. పద్దెనిమిది బస్తాలు పట్టాయి. ముందు గౌరీశం, దాలమ్మ, వాళ్ళిద్దరి మధ్య ఇరుక్కుని నేను. ఉత్తర్వు నాది కాబట్టి వెళ్ళకపోతే బాగుండదనిపించింది. గేటు దాటుతుంటే గదిలోంచి ఏకాంబరం గారు కిటికీ దగ్గరికొచ్చారు. ఆపలేదు. కిటికీ రెక్క వేసేసుకున్నారు, చూడనట్టు.

ఘాటీ మీద నీళ్ళు కాలవలా దిగుతున్నాయి. గౌరీశం రెండో గేరులో పెట్టి, ఒకే తొక్కుడు మీద, ఎక్కడా ఊపు పోనివ్వకుండా ఎక్కించాడు. మలుపు దగ్గర నేను కళ్ళు మూసుకున్నాను. దాలమ్మ మూసుకోలేదు. గట్టు దగ్గరికి వెళ్ళేసరికి ఊరు ఊరంతా అక్కడే ఉంది, తట్టలతో, పారలతో. తూము పక్కన గట్టు వెనక బుడబుడా మట్టినీళ్ళు పొంగుతున్నాయి. దాలమ్మ కారు దిగుతూనే నడుం లోతు నీళ్ళలోకి దిగింది. మగవాళ్ళు బస్తాలందిస్తుంటే లోపలివైపు తొక్కి తొక్కి పేర్చింది. బయట ఊట చుట్టూ కూడా బస్తాలు గుండ్రంగా వేశారు. చాల్లేదు. గౌరీశం అప్పుడే బండి తిప్పాడు. కిందికి వెళ్ళి, ఇంకో పద్దెనిమిది బస్తాలతో, ఇద్దరు డ్రైవర్లతో మళ్ళీ వచ్చాడు. నాలుగున్నరకి ఊట నీళ్ళు తేటపడ్డాయి. మట్టి రావడం ఆగిపోయింది. దాలమ్మ గట్టెక్కి, చీరకొంగు పిండుకుని, కూర్చుంది. ఎవరో ఆవిడకి టీ ఇచ్చారు. ఆవిడ అది గౌరీశానికి ఇచ్చేసింది.

"బాగా ఎక్కింది బండి," అంది.

"కొత్తప్పుడు ఇలాగే ఎక్కీది అక్కా," అన్నాడు. టీ గ్లాసు పట్టుకుని కారు దగ్గరికెళ్ళి, బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. వానలో దాని మీంచి ఆవిరి లేస్తోంది.

ఆఫీసుకి వచ్చాక టాంకు మళ్ళీ అంచుదాకా నింపాం. ఎనభై ఎనిమిది కిలోమీటర్లు, ఎనిమిది లీటర్లు. కచ్చితంగా పదకొండు. ఘాటీ రెండుసార్లు ఎక్కి, బరువుతో. పధ్నాలుగు మంది డ్రైవర్లూ లాగ్ బుక్ చుట్టూ మూగి ఆ అంకె చూశారు. కళింగపట్నం పెద్దాయన దాని కింద సాక్షి సంతకం పెట్టాడు, ఎవరూ అడక్కుండానే.

వారంలో విచారణ మొదలైంది. అభియోగం గట్టు గురించి కాదు. ముప్ఫై ఒకటి ఇచ్చుచున్న వాహనమును ఒక్కదినమున పదకొండునకు దిగజార్చుట. ముద్దాయిలు ఇద్దరు, గౌరీశం, నేను. విచారణాధికారి సువర్చల గారు. శిక్షణకొచ్చిన కార్లన్నీ లారీలెక్కి తిరిగి వెళ్ళిపోయాయి. నాకు సస్పెన్షన్ తప్పదని ఆఫీసులో అనుకున్నారు. నేను ఇంట్లో చెప్పలేదు. గౌరీశం భార్యకి చెప్పాడట. గిడ్డంగి దగ్గర కూడా ఆస్పత్రి ఉంటుందేమో కనుక్కో అందట ఆవిడ.

విచారణ రోజున తామరవలస నుంచి నలభై మంది వచ్చి వరండాలో కూర్చున్నారు. అరవలేదు, నినాదాలు ఇవ్వలేదు. ఊరికే కూర్చున్నారు. సువర్చల గారు వాళ్ళ మధ్యలోంచి నడిచి గదిలోకి వచ్చారు. లాగ్ బుక్ తెప్పించుకున్నారు.

"ఈ పదకొండు వాస్తవమేనా?" అని గౌరీశాన్ని అడిగారు.

"వాస్తవమే మేడమ్. ముందు వచ్చిన ముప్ఫై ఒకటే అబద్ధం. సగం దూరం ఎడ్లు నడిచాయి."

ఏకాంబరం గారు బల్ల వైపు చూస్తున్నారు. సువర్చల గారు చాలాసేపు సర్క్యులర్ ముందు పెట్టుకుని కూర్చున్నారు. దానిలో తప్పుందని ఒప్పుకోవడం ఆవిడకి సాధ్యం కాదు, రాసింది తనే. పదకొండు అబద్ధమనడం కూడా సాధ్యం కాదు, వరండాలో నలభై మంది ఉన్నారు. పొద్దుగుంకే వేళకి ఆవిడ ముఖంలో వెలుగొచ్చింది. ఆవిడ చెబుతుంటే తీర్పు నేనే రాసుకున్నాను.

"సర్క్యులర్ ప్రకారము వాహనము సర్వీసు ఎన్ని సంవత్సరములో, లీటరునకు అన్ని కిలోమీటర్లు ఇచ్చును. సదరు వాహనము పదకొండు ఇచ్చినట్లు సాక్షుల సమక్షమున రుజువైనది. కావున వాహనము వయసు పదకొండు సంవత్సరములుగా నిర్ధారించడమైనది. రిజిస్ట్రేషన్ పత్రము కేవలము కాగితము, మైలేజీ ప్రత్యక్ష సాక్ష్యము. వాహనము లక్ష్యమును సాధించినది గనుక అభియోగము ఉపసంహరించడమైనది."

పదకొండేళ్ళ కారు పదిహేను దాటలేదు కాబట్టి దానికి మరమ్మతులు కూడా చేయించవచ్చు. ఏకాంబరం గారు ఆ సాయంత్రమే ఫైలు పెట్టించారు. గాలి ఫిల్టరు, ప్లగ్గులు, బ్రేకు, గొట్టం అన్నీ మంజూరయ్యాయి. వెనక సీటు వెనక్కి వచ్చింది. ఆయన కూడా సీట్లోకి వచ్చారు. బరువు నిబంధన రద్దయింది. ఎగువ చెరువులు పన్నెండూ మళ్ళీ మ్యాపులో చేరాయి.

అంతా సర్దుకుందనుకున్న నెల్లాళ్ళకి గౌరీశం పేర ఒక మెమో వచ్చింది. కవరు విప్పి నేనే చదివి వినిపించాను. అప్పుడతను కారు కడుగుతున్నాడు.

"సదరు వాహనము వయసు పదకొండు సంవత్సరములుగా నిర్ధారింపబడినది. అయితే సర్వీసు రిజిస్టరు ప్రకారము మీరు అదే వాహనమును ఇరవై ఏడు సంవత్సరములుగా నడుపుచున్నట్లు నమోదై ఉన్నది. వాహనము ఉనికిలో లేని పదహారు సంవత్సరముల కాలమున మీరు దేనిని నడిపితిరో, ఈ మెమో అందిన మూడు దినములలో సంజాయిషీ ఇవ్వవలెను."

గౌరీశం గుడ్డ పిండి బకెట్ అంచున ఆరేశాడు. అతని ముఖంలో బెంగ లేదు. ఘాటీ ఎక్కి వచ్చిన తర్వాత అతను దేనికీ బెంగపడడం నేను చూడలేదు.

"రాసుకోండి మేడమ్," అన్నాడు. నేను కాగితం తీశాను.

"అయ్యా, ఆ పదహారేళ్ళూ ఆఫీసర్లని తోలేను. వాళ్ళు ఎంత తిన్నారో, ఎంత దూరం నడిచారో రాయమని ఎవరూ చెప్పలేదు గనక లాగ్ బుక్ పెట్టలేదు."

అక్షరం మార్చకుండా టైపు చేసి, కవరులో పెట్టి, అంటించి పంపించాను.